మట్టిలోంచి ఎర్రటి మొన

ఈ పొద్దున కాఫీ కూడా పెట్టుకోకుండా పెరట్లోకి వెళ్లాను. మూడు వారాలుగా ఇదే వరస. మిగతా మొక్కలన్నీ జానెడు ఎత్తుకు వచ్చేశాయి, రోజంతా ఎండ పడే ఆ మూల బటర్‌ఫ్లై వీడ్ అనే పూలమొక్కలు పెట్టిన చోట మాత్రం ఉత్త మట్టే. నేల బాగా వేడెక్కితే గానీ ఇది వేరు నుంచి మళ్లీ లేవదని తెలుసు. తెలిసినా టెన్షన్ ఆగదు.

పోయినేడు ఈ తొందరే కొంప ముంచింది. చలికి చచ్చిపోయిందనుకుని ఒకదాని మీద పార దింపాను. తీసి చూస్తే వేలెడు లావు తల్లివేరు, లోపల తెల్లగా, పచ్చిగా, నా పార దెబ్బకి రెండు ముక్కలై ఉంది. మళ్లీ పాతిపెట్టినా బతకలేదు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. మూడేళ్ల కిందట గింజల్ని తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచి (చలి తగిలితేనే బాగా మొలుస్తాయి), మొదటి ఏడాదంతా పువ్వన్నదే లేకుండా నాలుగాకులు చూసుకుంటూ పెంచిన మొక్క అది.

ఇది మన జిల్లేడుకి చుట్టమే, కాయ పగిలితే అలాగే దూది ఎగురుతుంది, కానీ కొమ్మ తుంచితే పాలు కారవు. పువ్వు నారింజ రంగు. దగ్గరికి వెళ్లి చూస్తే అయిదు రేకులు కిందికి మడుచుకుని, వాటి మీద అయిదు చిన్న దొప్పలు నిలబడి ఉంటాయి, తేనె ఉండేది వాటిలోనే. ఎరువు వేయను, వేస్తే కాడలు సాగి వాలిపోతాయి. వేరు దిగాక నీళ్లు కూడా పెద్దగా అడగదు, నిలవనీరు మాత్రం పడదు. నిరుడు లేత కొమ్మల నిండా పసుపు పేనుబంక పట్టినా మందు కొట్టలేదు, ఈ ఆకులు తినే బతికే మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు కూడా చస్తాయని. పైపుతో నీళ్లు కొట్టి కడిగేశాను, రెండ్రోజులకోసారి, ఓపిగ్గా.

ఇవాళ మోకాళ్ల మీద కూర్చుని వేలితో పైమట్టి కొంచెం జరిపాను. అగ్గిపుల్లంత మందాన, ఎరుపు కలిసిన ఆకుపచ్చ మొన ఒకటి, పక్కనే ఇంకోటి! వెంటనే మట్టి మళ్లీ మెల్లగా సర్దేశాను. రెండో మొక్క దగ్గరా ఒక మొలక కనిపించింది. మూడోదాని దగ్గర ఏమీ లేదు. అక్కడ మట్టి కదపలేదు, గుర్తుకి పాతిన పుల్ల వాలిపోతే నిలబెట్టి లోపలికి వచ్చేశాను.