మల్లికి జ్వరం వచ్చిన వారం

మా వంటింటి క్యాలెండర్‌లో పోయిన ఏడాది మే నెల కాగితం మీద, పాల లెక్క పక్కనే 102.2, 102.5, 102.3 అని మూడు అంకెలు రాసి ఉంటాయి. అవి మా కుందేలు మల్లి ఒంటి వేడి. ఏడాది మారినా ఆ కాగితాన్ని నేను పారేయలేదు. ఎందుకో చెప్తాను.

ఆ మే నెల హైదరాబాద్ ఎండలకి మల్లి వంటింటి గచ్చుకి పొట్ట ఆనించి, కాళ్ళు చాపుకుని పడుకునేది. ఒక మధ్యాహ్నం చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. భయమేసి థర్మామీటర్ పెట్టి చూస్తే 102.9. పిల్లలకి అంత జ్వరం వస్తే మనం ఇంట్లో నిలవం కదా. తెలిసిన వెటర్నరీ డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"గడ్డి తింటోందా?" అని అడిగారు ముందు.

"తింటోందండీ."

"అయితే కంగారు పడకండి. కుందేలుకి 101.3 నుంచి 104 దాకా మామూలే. దానికి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని చెవుల నుంచే బయటికి పంపుతుంది. అందుకే ఎండాకాలం అవి వేడిగా తగులుతాయి. చల్లటి నీళ్ళతో చెవులు తడపండి. ఐసు నీళ్ళు వద్దు, నీళ్ళలో ముంచొద్దు."

ఇంకో మాట కూడా చెప్పారు. మల్లి హుషారుగా ఉన్న రోజుల్లో, మూడు రోజుల పాటు పొద్దున్నే ఒకే టైముకి చూసి రాసిపెట్టుకోమన్నారు. నిజంగా జ్వరం వచ్చిన రోజున పోల్చుకోడానికి పనికొస్తుందట. దానికోసమే వేరే థర్మామీటర్ కొన్నాను, కొన మెత్తగా వంగేది. క్యాలెండర్ మీద అంకెలు అలా వచ్చాయి.

ఈ సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్ళు ఊరికి వెళ్తూ వాళ్ళ కుందేలు కిట్టూని మా దగ్గర వదిలారు. రెండింటికీ తోడు దొరికిందని మా చిన్నోడు సంబరపడ్డాడు. నేను కూడా ఆలోచించకుండా రెండింటినీ ఒకే బాల్కనీలో వదిలేశాను. కొత్త కుందేళ్ళని అలా ఒక్కసారిగా కలపకూడదు. వేరువేరు గూళ్ళలో పెట్టి, కొన్ని రోజులు ఒకదాని వాసన ఒకదానికి అలవాటు చేశాకే కలపాలి. పావుగంటలో బాల్కనీ నిండా తెల్లటి బొచ్చు. వెంటనే విడదీశాను. మల్లిని అటూ ఇటూ తిప్పి చూస్తే ఎక్కడా రక్తం కనపడలేదు. అమ్మయ్య అనుకున్నాను.

మూడో రోజు పొద్దున ఆరింటికి కొత్తిమీర కట్ట తీసుకెళ్ళాను. మామూలుగా ఫ్రిజ్ తలుపు చప్పుడుకే కాళ్ళకి అడ్డం పడే మల్లి మూలన ముడుచుకుని కూర్చుంది. కళ్ళు సగం మూసుకుంది. ముక్కు మాత్రం టకటకా ఆడుతోంది. రాత్రి వేసిన గడ్డి వేసినట్టే ఉంది. ట్రేలో రోజూ కుప్పగా ఉండే పెంటికలు పదో పన్నెండో ఉన్నాయి, అవీ మిరియాల గింజలంత. దగ్గరగా చెవి పెట్టి వింటే పళ్ళు నూరుతున్న చప్పుడు. ముద్దు చేసినప్పుడు మెల్లగా చేసే చప్పుడు వేరు. ఇది కరకరమని గట్టిగా వినిపిస్తోంది. అది నొప్పి చప్పుడు.

చెవులు పట్టుకున్నాను. బయట చలికి మేమంతా స్వెటర్లలో ఉన్నాం. దాని చెవులు మాత్రం మే నెలలో లాగా కాలుతున్నాయి.

మా ఆయన సోఫాలో కూర్చుని మల్లిని తువ్వాలులో చుట్టి, ఒంటికి ఆనించుకుని, నడుము కదలకుండా పట్టుకున్నారు. కుందేలు బెదిరి వెనక కాళ్ళు బలంగా తన్నితే దాని వెన్నెముకే విరగొచ్చు, అందుకే పట్టు సరిగ్గా ఉండాలి. థర్మామీటర్ కొనకి వాజలిన్ రాసి, తోక మెల్లగా ఎత్తి, మలద్వారంలోకి సెంటీమీటరున్నర లోపే పెట్టాను. బీప్ వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టాను. 105.1.

క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసుకున్నాను. దాని మామూలు కంటే దాదాపు మూడు డిగ్రీలు ఎక్కువ.

మా అత్తయ్య పక్కకొచ్చి, "పిల్లల జ్వరం చుక్కలు రెండు వేద్దామా అమ్మాయ్?" అన్నారు. ఆవిడకీ మల్లి అంటే ప్రాణం. "మనుషుల మందులు మనంతట మనం వెయ్యకూడదు అత్తయ్యా" అని, దగ్గర్లో ఉన్న ఒక పెట్ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. అక్కడ రోజూ వచ్చేవి కుక్కలూ పిల్లులే. పైపైన చూసి, ఇన్ఫెక్షన్ అని అమాక్సిసిలిన్ సిరప్ రాశారు, నోట్లో వెయ్యమన్నారు. కొనే ముందు మన డాక్టరమ్మని అడుగుదామనిపించింది. ఆవిడ ఊళ్ళో లేరు కానీ ఫోన్ ఎత్తారు. మందు పేరు వినగానే, "నోటి ద్వారా అది కుందేలుకి వద్దమ్మా, అస్సలు వద్దు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి చెడ్డది పెరుగుతుంది, విరేచనాలు పట్టుకుని ప్రాణం పోతుంది. వెంటనే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళండి" అన్నారు. ఆ చీటీ తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

మెహిదీపట్నం నుంచి అత్తాపూర్ మీదుగా ఆటోలో వెళ్ళాం. బుట్టలో దానికి అలవాటైన తువ్వాలు, గుప్పెడు గడ్డి పెట్టి, పైన గుడ్డ కప్పాను. ప్రయాణం కంగారుకి కూడా ఒంటి వేడి పెరుగుతుంది కాబట్టి, ఇంట్లో ఎంత ఉందో, ఎన్నింటికి చూశానో కాగితం మీద రాసుకెళ్ళాను. డాక్టర్ గారు ముందు అదే చదివారు. నిన్న ఏం తింది, చివరి పెంటిక ఎప్పుడు వేసింది, వేరే కుందేలుతో కలిసిందా అని అడిగారు. కిట్టూ సంగతి చెప్పగానే ఆయన వేళ్ళు మల్లి మెడ వెనక్కి వెళ్ళాయి. బొచ్చుని ఎదురుదిక్కుకి మెల్లగా తోసుకుంటూ పోయి ఒకచోట ఆపారు. బియ్యపు గింజంత ఎండిన రక్తపు చెక్కు. దాని చుట్టూ అరచేతిలో సగం మేర ఎర్రగా వాచి ఉంది. కరిచిన గాటు. అంత చిన్నదాన్ని ఆ బొచ్చులో నేను చూడనే లేదు.

అక్కడ బొచ్చు గొరిగి శుభ్రం చేశారు. ఇన్ఫెక్షన్‌కి ఎన్రోఫ్లాక్సాసిన్ ఇంజెక్షన్, నొప్పికి మెలాక్సికామ్, చర్మం కింద సెలైన్ ఇచ్చారు. "జ్వరం కంటే ముందు తిండి సంగతి చూడండి. కుందేలు పేగులు ఆడుతూనే ఉండాలి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అదే పెద్ద ప్రమాదం. వేడి తగ్గాలని తడిగుడ్డలు చుట్టకండి, ఇది వడదెబ్బ కాదు. కారణం తగ్గితే జ్వరం అదే తగ్గుతుంది. 100 కంటే కిందికి పడిపోతే మాత్రం వెచ్చగా కప్పి వెంటనే తీసుకురండి, అది ఇంకా చెడ్డ సూచన" అన్నారు.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. పెల్లెట్లు, అంటే దాని మేత గుళికలు, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మెత్తగా నలిపి, సూది తీసేసిన సిరంజితో నాలుగు గంటలకోసారి పెట్టాం. సిరంజిని నేరుగా నోట్లోకి కాకుండా ముందు పళ్ళ వెనక ఉండే ఖాళీలోకి పక్కనుంచి పెట్టాలి. ఒక్కో చుక్కా నమిలి మింగేదాకా ఆగాలి, తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొదట గడ్డం మీదే కారింది. పదకొండింటికి నాలుక కదిలింది. తెల్లవారుజామున నాలుగింటికి ట్రేలో టప్‌మని చిన్న చప్పుడు. టార్చి వేసి చూస్తే ఒక పెంటిక. ప్రాణం లేచొచ్చింది. అప్పుడే కాస్త కునుకు తీసిన మా ఆయన్ని లేపి మరీ చూపించాను.

తర్వాత వరసగా 104.4, 103.6, 102.8. ఇంజెక్షన్లు ఏడు రోజులు పడ్డాయి. నాలుగో రోజు పొద్దున మా అత్తయ్య చేతిలోంచి కొత్తిమీర కాడ లాక్కుంది. వాపు పూర్తిగా తగ్గడానికి రెండు వారాలు పట్టింది. గొరిగిన చోట ఇప్పుడు కొత్త బొచ్చు వస్తోంది, పాతదాని కంటే మెత్తగా.

కిట్టూని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు మా ఆడపడుచుకి కరిచిన సంగతి చెప్పి, ఒక థర్మామీటర్ చేతిలో పెట్టాను. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"వదినా, 102.4, 102.1, 102.4. గోడ మీద రాశాను."

"తేదీలు కూడా వేశావా?"

"వేశాను వదినా."