వేరుకు నీళ్లు, గాలికి తేమ: మా గెకో పెట్టె లెక్కలు

ముందుగా పెట్టె కొలతలు చెబుతాను, తర్వాత రాసే అంకెలన్నీ వాటి మీదే ఆధారపడతాయి. వెడల్పు 45 సెంటీమీటర్లు, లోతు కూడా అంతే, ఎత్తు 60. ముందు వైపు గాజు తలుపులు, వాటి కింద గాలి కోసం సన్నని సందు, పైన స్టీలు జాలి మూత. లోపల ఉండేది క్రెస్టెడ్ గెకో. ఇది పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా దీవుల బల్లి. అంతరించిపోయిందనుకున్న ఈ జాతిని 1994లో మళ్లీ కనుగొన్నారు. పగలు ఆకుల మధ్య నిద్రపోతుంది, చీకటి పడ్డాక తిరుగుతుంది. గిన్నెలో నీళ్లున్నా ఆకుల మీది చుక్కలు నాకడమే దీనికి ఇష్టం. 22 నుంచి 26 డిగ్రీల వేడిలో హాయిగా ఉంటుంది. 28 దాటి గంటల తరబడి కొనసాగితే ఇబ్బంది పడుతుంది.

పెంచాలనుకునే వారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. నక్షత్ర తాబేలు, ఊసరవెల్లి, ఉడుము లాంటి మన దేశపు సరీసృపాలను ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జాతుల్లో సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉన్నవాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పెంపకంలో పుట్టిన జీవినే రసీదుతో కొనాలి. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

ఫిబ్రవరి

జీవిని తేకముందే పెట్టె సిద్ధం చేసి, మొక్కలు నాటి, వేళ్లు పట్టేదాకా ఖాళీగా ఉంచాను. అడుగున 5 సెంటీమీటర్ల మందాన కాల్చిన మట్టి గోళీలు పోశాను. వాటి మీద కిటికీలకు వాడే నైలాన్ దోమల జాలి, ఆపైన 8 సెంటీమీటర్ల మట్టి. మట్టి అంటున్నాను గానీ అందులో తోట మట్టి అసలు లేదు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నాలుగు పాళ్లు, ఆర్కిడ్లకు వాడే బెరడు ముక్కలు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, కట్టె బొగ్గు ముక్కలు ఒక పాలు. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి మళ్లీ పిండాలి. అన్నిటికీ పైన ఎండిన బాదం చెట్టు ఆకులు పరిచాను. ఆ ఆకుల కింద స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న తెల్ల పురుగులు ఉంటాయి. బూజును తినేది అవే.

వెనుక మూలలో గోళీల అడుగుదాకా దిగేలా అర అంగుళం పీవీసీ గొట్టం నిలబెట్టాను. దాని ఖర్చు చాలా తక్కువ, ఉపయోగం మాత్రం పెట్టె మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ. అడుగున నీరు ఎక్కువైతే, ఆక్వేరియంలో వాడే సన్నని గాలి గొట్టాన్ని సిరంజికి తగిలించి, ఇందులోంచి దించి లాగేయవచ్చు. ఇది లేకపోతే నీళ్లు తీయడానికి పెట్టెనే వంచాల్సి వస్తుంది, మొక్కలన్నీ కదిలిపోతాయి.

మొక్కలను హైదరాబాదు నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజాలో జరిగే నర్సరీ మేళాలో తీసుకున్నాను: మనీ ప్లాంట్, సింగోనియం, స్నేక్ ప్లాంట్, ఫిట్టోనియా, ఒక చిన్న బ్రొమీలియడ్. నర్సరీ మొక్కను నేరుగా పెట్టెలో పెట్టకూడదు. పురుగుమందు అవశేషాలు ఉంటాయి, మట్టిలో రంగు రంగుల ఎరువు గుళికలు ఉంటాయి. వేళ్లకున్న మట్టి పూర్తిగా కడిగి, ఆకులు రెండు వైపులా తుడిచి, నెల రోజులు విడిగా వేరే కుండీల్లో ఉంచాకే లోపలికి పంపాను.

మార్చి

ఈ నెలంతా ఒకే ప్రశ్న మీద పనిచేశాను: స్ప్రే కొడితే మొక్కకు నీళ్లు అందినట్టేనా?

లెక్క వేసి చూద్దాం. మట్టి పోను మా పెట్టెలో సుమారు 100 లీటర్ల గాలి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి పూర్తిగా తేమతో నిండితే అందులో ఉండే నీరు 23 గ్రాములు. అంటే మా పెట్టె గాలి మొత్తం నూటికి నూరు శాతం తేమతో నిండినా అందులో ఉండేది రెండున్నర మిల్లీలీటర్ల లోపే, చిన్న చెంచాలో సగం. 50 శాతం నుంచి 80కి పెంచడానికి ఒక మిల్లీలీటరు కూడా అక్కర్లేదు. స్ప్రే బాటిల్ ఒక్కసారి నొక్కితే దాదాపు ఒక మిల్లీలీటరు వస్తుంది. మీ బాటిల్ సంగతి తెలియాలంటే కొలత గ్లాసులోకి యాభై సార్లు నొక్కి చూసుకోండి. అందుకే రెండు నొక్కులకే తేమ మీటరు 80 దాటుతుంది, మట్టి మాత్రం పొడిగానే ఉంటుంది. మీటరు గాలి గురించే చెబుతుంది, వేరు గురించి దానికి ఏమీ తెలియదు.

వేరు సంగతి తెలుసుకోవడానికి మా అమ్మ పద్ధతే మేలు. బాల్కనీలోని కరివేపాకు, మల్లె కుండీల్లో చీపురు పుల్ల గుచ్చి చూశాకే ఆమె నీళ్లు పోస్తుంది. శుభ్రమైన కొబ్బరి చీపురు పుల్లను అడుగుదాకా గుచ్చి, రెండు నిమిషాలు ఉంచి తీయాలి. స్ప్రే మాత్రమే కొట్టిన వారం చివర గుచ్చితే, పైన ఒక సెంటీమీటరు మేర నల్లగా తడిసి, కిందంతా తెల్లగా పొడిగా వచ్చింది. పైన నాచు పచ్చగా కళకళలాడుతోంది, దాని కిందే సింగోనియం వేళ్లు దాహంతో ఉన్నాయి. పైకి చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

అప్పటి నుంచి రెండు పనులనూ విడదీశాను. వేళ్లకు నీళ్లు పోయడానికి మందుల దుకాణంలో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి వాడుతున్నాను. కాండానికి రెండు వేళ్ల దూరంలో, నెమ్మదిగా, నాలుగు వైపులా పోస్తాను. సింగోనియానికి, మనీ ప్లాంట్‌కు ఒక్కోసారి ఒక సిరంజి నిండా. ఫిట్టోనియా వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి దానికి సగం సరిపోతుంది, కానీ తరచుగా కావాలి. స్నేక్ ప్లాంట్‌ను వీలైనంత వదిలేస్తాను, పక్క మొక్కల నుంచి చేరే తడే దానికి చాలు. బ్రొమీలియడ్ వేరుతో కాకుండా ఆకుల మధ్య గిన్నెతో తాగుతుంది. ఆ గిన్నెలో నీరు వారానికోసారి సిరంజితో లాగేసి కొత్తది పోయాలి. మన ఊళ్లో నిలవ నీరు ఎక్కడున్నా దోమ గుడ్లు పెడుతుంది, ఈ చిన్న గిన్నెకూ మినహాయింపు లేదు.

నీరు ఏదనేది కూడా ముఖ్యమే. బోరు నీళ్లు స్ప్రే చేస్తే గాజు మీద తెల్లటి మచ్చలు పడతాయి, ఆకుల మీద కూడా అదే ఉప్పు పేరుకుంటుంది. ఆర్వో నీళ్లు వాడితే ఆ బాధ లేదు. వేళ్లకూ అవే పోస్తాను, ఎందుకంటే ఈ పెట్టె అడుగున రంధ్రం లేదు. లోపలికి వెళ్లిన ఉప్పు లోపలే ఉంటుంది.

తేమ మీటరును నమ్మేముందు పరీక్షించాలి. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, ముద్దగా అయ్యేంతవరకు మాత్రమే చుక్కలు వేసి, మీటరుతో పాటు గాలి చొరని సంచిలో ఒక రాత్రి ఉంచండి. ఉదయానికి 75 శాతం చూపాలి. తేడా ఎంత ఉందో మీటరు వెనక చీటీ అంటించి రాసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో తీసుకున్న మీటర్లలో ఒకటి 70 చూపుతుంది. తేడా తెలిసింది కాబట్టి అదీ పనికొస్తుంది.

మే

అసలు పరీక్ష ఈ నెలలోనే. బయట 40 దాటడం మామూలు, మధ్యాహ్నం గాలిలో తేమ 20 శాతానికి పడిపోతుంది. గదిలో ఏసీ లేకుండా ఈ బల్లిని హైదరాబాదులో ఉంచడం అన్యాయం. కూలర్ తేమను పెంచుతుంది కానీ వేడిని 26కు దించలేదు. ఏసీ భరించలేని వారు వేరే జీవిని ఎంచుకోవాలి.

ఏసీ గాలిని ఎండబెడుతుందని అందరూ అంటారు. వేసవిలో అది సగమే నిజం. 40 డిగ్రీల దగ్గర 20 శాతం తేమ ఉన్న గాలిని, నీరు ఏమీ తీయకుండా 25కు చల్లబరిస్తే అదే గాలి 45 శాతం దాటి చూపుతుంది. ఈ నెలలో ఏసీ గొట్టం నుంచి కారే నీరు చాలా తక్కువ. జులైలో అదే గొట్టం బకెట్ నింపుతుంది. వేసవిలో పెట్టెను ఎండగొట్టేది ఏసీ విసురు. గాలి నేరుగా జాలి మూత మీద పడితే లోపలి తేమ గంటలో వెళ్లిపోతుంది. రెక్కలను పైకి తిప్పి, పెట్టెను ఎదురు గోడ నుంచి పక్క గోడకు మార్చాను. మూతలో మూడింట రెండు వంతులు అక్రిలిక్ పలకతో కప్పాను. ఈ రెండు పనులతోనే స్ప్రే సగానికి తగ్గింది.

లైటు వేసి ఉన్న పగటి వేళ తేమ 50కి దిగడాన్ని పట్టించుకోకూడదు. 25 డిగ్రీల దగ్గర 80 శాతం చూపిన గాలి, 30కి వేడెక్కితే నీరు ఏమాత్రం తగ్గకుండానే 60 చూపుతుంది. అంకె పడిపోగానే బాటిల్ పట్టుకుని పరుగెత్తితే పెట్టె ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఎప్పుడూ తడిగా ఉండే చోట బల్లి చర్మానికి సూక్ష్మక్రిముల జబ్బులు వస్తాయి. దీనికి కావలసింది ఎక్కి దిగే తేమ. రాత్రి 80 దాకా, పగలు 50, 60 మధ్య.

అందుకే పెద్ద స్ప్రే లైటు ఆర్పాకే, రాత్రి ఎనిమిదికి. మంచులా కాకుండా బాటిల్ మూతిని కాస్త వదులు చేసి పెద్ద చుక్కలు పడేలా కొడతాను. మంచు తుంపర్లు నిమిషాల్లో ఆరిపోతాయి. సింగోనియం ఆకు నడుమ ఈనె వెంట జారి కొసన ఆగిన చుక్క మాత్రం అరగంట నిలుస్తుంది. గెకో కొమ్మ మీద నుంచి మెడ చాచి, నాలుక చివరతో ఆ చుక్కను అంచు నుంచి లోపలికి నాలుగైదు సార్లు అందుకుంటుంది. ఆ తర్వాత అదే నాలుకతో కంటిని తుడుచుకుంటుంది. ఈ బల్లికి కనురెప్పలు లేవు. దీన్ని చూడడానికే నేను రాత్రి భోజనం ఆలస్యం చేసుకుంటాను.

మొక్కలకు నీళ్లు మాత్రం ఉదయమే. పుల్ల పొడిగా వచ్చిన చోట మాత్రమే పోస్తాను. ఈ నెలలో అది వారానికి రెండుసార్లు పడింది, పైనున్న మనీ ప్లాంట్‌కు ఇంకాస్త ఎక్కువ. మట్టి తడిగా ఉంటే పగటి తేమ ఒక్కసారిగా కూలిపోకుండా అదే ఆదుకుంటుంది.

కరెంటు పోతే ఏం చేయాలన్నదీ ముందే ఆలోచించుకోవాలి. ఫ్రీజర్‌లో రెండు సీసాల నీళ్లు గడ్డకట్టించి ఉంచుతాను. తువ్వాలులో చుట్టి జాలి మూత మీద పెడితే చల్లగాలి కిందికి దిగుతుంది. తువ్వాలు లేకుండా పెడితే సీసా మీద పట్టిన నీరంతా ఒకే మొక్క మీద కారుతుంది.

కుబుసం విడిచే రోజుల్లో జాగ్రత్త ఎక్కువ. రంగు వెలిసినట్టు కనిపించగానే తడి స్ఫాగ్నం నాచు నింపిన చిన్న డబ్బాను కొమ్మల మధ్య ఉంచుతాను. మర్నాడు కాలి వేళ్లు, తోక కొస చూస్తాను. వేలి చుట్టూ పాత చర్మం ఉంగరంలా మిగిలిపోతే రక్తం ఆగి వేలు పోతుంది. తోక కూడా అంతే విలువైనది, ఈ జాతికి ఊడిన తోక మళ్లీ రాదు.

జులై, ఆగస్టు

వానలు పడ్డాక పని తలకిందులైంది. గదిలోనే 75, 80 చూపుతోంది. అక్రిలిక్ పలక తీసేశాను. జాలి మూత మీద పాత కంప్యూటర్‌లోని 12 వోల్టుల చిన్న ఫ్యాను పెట్టి, గాలిని బయటికి లాగేలా తిప్పాను. మధ్యాహ్నం అరగంట, స్ప్రే కొట్టిన మర్నాటి ఉదయం మరో అరగంట. కింది సందు నుంచి వచ్చిన గాలి ఆకుల మధ్యగా పైకి పోతుంది. ఉదయం లైటు వెలిగిన రెండు గంటలకు గాజు మీద మసక పోవాలి. పోకపోతే గాలి ఆడడం లేదని అర్థం.

తేమ ఎంత ఉన్నా స్ప్రే పూర్తిగా మానకూడదు. గాలిలో 85 శాతం ఉన్నా తాగడానికి చుక్క ఉండదు. రాత్రికి పది, పదిహేను నొక్కులు, అదీ ఒక వైపు ఆకుల మీదే. రెండో వైపు పొడిగా ఉంటే బల్లి తనకు నచ్చిన చోటు తానే ఎంచుకుంటుంది.

ఈ కాలంలో మనీ ప్లాంటే నాకు చెబుతుంది. స్ప్రే కొట్టకపోయినా తెల్లవారి దాని ఆకు కొసలకు నీటి బొట్లు వేలాడుతుంటాయి. వేళ్ల దగ్గర నీరు సమృద్ధిగా ఉండి, గాలి తడిగా ఉండి ఆవిరి పోయే దారి లేనప్పుడు మొక్క ఆకు అంచుల నుంచి నీటిని అలా బయటికి తోస్తుంది. బొట్లు కనిపించిన వారం సిరంజి ముట్టను. సింగోనియం కింది ఆకు పసుపు తిరిగితే ముందు గొట్టంలోంచి అడుగు నీరు చూస్తాను. గోళీల మట్టంలో సగం కంటే పైకి వస్తే లాగేయాల్సిందే, లేకపోతే వేళ్లు కుళ్లి మట్టి వాసన మారుతుంది. కొత్త చెక్క మీద తెల్ల బూజు వస్తే మాత్రం కంగారు పడనక్కర్లేదు, స్ప్రింగ్‌టెయిల్స్ కొన్ని వారాల్లో తినేస్తాయి. పొడిలో నీళ్లు కలిపి పెట్టే గెకో ఆహారానికి మాత్రం వానాకాలంలో ఒక రాత్రికి మించి గడువు ఇవ్వను.

దసరాకు ముందు

పండక్కి ఊరికి వెళ్తే పక్కింటి పిన్నిగారు చూసుకుంటానన్నారు. ఆమెకు మీటరు, శాతాలు ఏవీ చెప్పలేదు. వెళ్లే ముందు రోజు పుల్ల గుచ్చి, అన్ని మొక్కలకూ నేనే నీళ్లు పోసి, అక్రిలిక్ పలకను సగానికి సర్దాను. అప్పటికి వానలు తగ్గి గాలి మళ్లీ పొడిబారడం మొదలవుతుంది. ఆమెకు రాసిచ్చిన చీటీలో నాలుగే మాటలు: రాత్రి ఎనిమిదికి ఎడమ వైపు ఆకుల మీద ఇరవై నొక్కులు. ఆహారపు గిన్నె రోజూ మార్చాలి. మొక్కలకు నీళ్లు పోయవద్దు. తలుపు గొళ్లెం రెండుసార్లు చూసుకోవాలి.