ఫైర్‌బా పత్తి చేలల్లో ఒక శనివారం

అమ్మ అమెరికాలో మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. గోల్డెన్ గేట్ వంతెన చూసింది, లివర్‌మోర్ గుడికి నాలుగుసార్లు వెళ్లొచ్చింది. ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ, “ఇంత దేశంలో చేలు ఎక్కడా కనబడవేంరా? వీళ్లు తినేదంతా ఎక్కడ పండుతోంది?” అని అడిగింది. నరసరావుపేట దగ్గర పల్లెలో నలభై ఏళ్లు పత్తి, మిరప పండించిన మనిషి. ఆ మాట అడగడానికి రెండు నెలలు ఆగిందంటే నాకు బాధేసింది.

అదే వారం మా వాడు ఇంకో మాట అడిగాడు. “నాన్నా, ఫైర్‌బా మనకి రెండు గంటల దూరమే. ఒక్కసారి తీసుకెళ్తావా?” వాడికి పదిహేనేళ్లు. అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. బఫెలో బిల్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపే ఆటగాడు, జోష్ ఆలెన్ అంటే ప్రాణం. వాడి గదిలో గోడకి ఆలెన్ నంబర్ 17 జెర్సీ తగిలించి ఉంటుంది. ఆ ఆలెన్ పుట్టి పెరిగిన చోటు మేముండే ఫ్రీమాంట్‌కి ఆగ్నేయంగా, శాన్ వాకిన్ లోయలో ఉన్న ఈ చిన్న ఊరే. వాడు ఎందుకు అడిగాడో నాకు తెలుసు. ఈ సీజన్ అంతా స్కూల్ టీమ్‌లో వాడిని బెంచీ మీదే కూర్చోబెట్టారు. మ్యాచ్ అయ్యాక బట్టలకి మట్టి అంటకుండా ఇంటికొచ్చే పిల్లాడి మొహం చూడటం కష్టం.

నవంబరు మొదట్లో ఒక శనివారం ముగ్గురం బయల్దేరాం. అమ్మ పులిహోర కట్టింది.

గిల్రాయ్ దాటాక 152 నంబర్ రోడ్డు కొండెక్కుతుంది. పచెకో కనుమ దాటి దిగుతుంటే శాన్ లూయిస్ జలాశయం కనిపిస్తుంది, చుట్టూ ఎండిపోయిన గడ్డి కొండలు. లాస్ బానోస్ దాటి 33 నంబర్ రోడ్డు పట్టుకున్నాక నేల చదునైపోయింది. కాలువలు మొదలయ్యాయి. నీళ్లు గట్టు నిండా పారుతున్న ఒక పెద్ద కాలువ చూసి అమ్మ, “అచ్చం సాగర్ కుడి కాలువలా ఉందిరా, ఆపు,” అంది. ఆపాను. నిజంగానే ఆ పోలిక సరైనది. ఇక్కడ వాన చాలా తక్కువ. ఉత్తరాన డెల్టా నుంచి నీళ్లు తోడి, కాలువల్లో వందల కిలోమీటర్లు పారించకపోతే ఈ పడమటి లోయలో ఇంత సేద్యం లేదు. అమ్మ గట్టు మీద నిలబడి నీళ్లకేసి చాలాసేపు చూసింది.

ఫైర్‌బా ఎనిమిది వేల జనాభా ఉన్న ఊరు. శాన్ వాకిన్ నది ఒడ్డున ఉంటుంది. బంగారం వేటకి జనం కాలిఫోర్నియాకి ఎగబడిన రోజుల్లో ఆండ్రూ ఫైర్‌బా అనే ఆయన ఇక్కడ నదిపై పడవ రేవు నడిపాడట, ఊరికి ఆయన పేరే వచ్చింది. ఇప్పుడు ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లే, ఎక్కువమంది పొలం పనుల మీద బతికేవాళ్లు. వీధుల్లో ఇంగ్లిష్ కంటే స్పానిష్ ఎక్కువ వినిపించింది.

ఊరికి కాస్త ముందు పత్తి చేను కనిపించింది. ఆకు రాలడానికి మందు కొట్టి ఉంచారు. ఆకుల్లేని మోళ్ల మీద తెల్లగా విచ్చిన పత్తి, కంటికి ఆనినంత మేరా అదే. దూరంగా ఒక మిషన్ చేను మొత్తాన్ని దున్నినట్టు తీసుకుపోతోంది. వెనకాల పసుపు రంగు ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి మోపులు వదిలేస్తోంది, ఒక్కోటి రెండు టన్నుల పైమాటే. మా ఊళ్లో అయితే ఆడవాళ్లు ఒడి కట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి ఒక్కో కాయలోంచి దూది తీస్తారు. చేతివేళ్లు గీసుకుపోతాయి. అమ్మ వేళ్లకి ఆ గీతలు ఇంకా ఉన్నాయి.

రోడ్డు వారన కంకర మీద గాలికి కొట్టుకొచ్చిన దూది పడుంది. అమ్మ వంగి ఒక గుప్పెడు తీసుకుంది. చిటికెడు దూది రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకుని, మెల్లగా లాగి, చివరలు సరిచేసి, మళ్లీ లాగింది. పింజ, అంటే దూది పోగు పొడవు, చూస్తోందన్నమాట. మా నాన్న ఉన్నప్పుడు గుంటూరు యార్డులో కొనేవాళ్ల ముందు అలాగే చూపించేవాడు. “ఎంత పొడుగు పింజరా! పట్టులా ఉంది. గింజ చూడు, నున్నగా నల్లగా, దూది అంటుకోలేదు.” అది పైమా రకం పత్తి, సన్నటి బట్టలకీ ఖరీదైన చొక్కాలకీ వాడేది. అమ్మ ఆ దూదిని చేతిరుమాల్లో మూటగట్టి సంచిలో పెట్టుకుంది.

అక్కడే నిలబడి మా వాడు నానమ్మకి ఆలెన్ ఇంటి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగు వాడికి తడబడుతుంది కానీ ఆ రోజు ఆగకుండా చెప్పాడు. ఆలెన్ ముత్తాత 1907లో స్వీడన్ నుంచి అమెరికా వచ్చాడు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ కుటుంబం ఈ ప్రాంతానికి చేరి సేద్యం మొదలుపెట్టింది. తాత, తండ్రి జోయెల్, అందరూ ఇక్కడే రైతులు. పత్తి, గోధుమ, ఖర్బూజా లాంటివి పండిస్తారు. 1996లో పుట్టిన జోష్ పొలంలో కలుపు తీశాడు, నీటి పైపులు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మోశాడు, ట్రాక్టర్ తోలాడు. తల్లి లవాన్ ఊళ్లో ఒక హోటల్ నడిపితే అక్కడ టేబుళ్ల దగ్గర వడ్డించాడు.

“ఎన్ని ఎకరాలు?” అమ్మ అడిగింది.

“త్రీ థౌజండ్, నానమ్మా.”

అమ్మ నా వైపు చూసింది. “మూడు వేల ఎకరాలా? మనకున్నది నాలుగే కదరా.”

ఇక్కడొక మాట నేను గట్టిగా అనుకుంటాను. పేపర్లలో ఆలెన్ గురించి రాసేటప్పుడు తరచుగా ఏమీ లేని పల్లెటూరి కుర్రాడన్నట్టు రాస్తారు. అది సరికాదు. తిండికీ నిలకడకీ లోటు లేని ఇల్లు. స్కూల్ బోర్డులో పనిచేసిన తాత పేరు ఫైర్‌బా హైస్కూల్ జిమ్‌కి పెట్టారు. అంత పొలమున్నా పిల్లల చేత కలుపు తీయించిన ఇల్లు అది. అతనికి లేనిది ఒక్కటే, చూసే కళ్లు. పెద్ద కాలేజీల కోచ్‌లు ఆటగాళ్లని ఎంచుకునేది ముఖ్యంగా వేసవి శిబిరాల్లో. అతనేమో ఒక కాలంలో బేస్‌బాల్, ఇంకో కాలంలో బాస్కెట్‌బాల్ ఆడుతూ, మిగిలిన టైమ్‌లో పొలంలో ఉండేవాడు. దానికి తోడు హైస్కూల్లో సన్నగా ఉండేవాడు. ఎత్తూ లావూ తర్వాత వచ్చాయి. ఇప్పుడు ఆరడుగుల ఐదంగుళాలు.

స్కూల్ శనివారం కాబట్టి మూసి ఉంది. కంచె బయటి నుంచే మైదానం చూశాం. తెలుగువాళ్లకి క్వార్టర్‌బ్యాక్ అంటే ఏమిటో చెప్పాలంటే ఇలా చెప్తాను. జట్టు దాడికి దిగిన ప్రతిసారీ బంతి దాదాపుగా మొదట అతని చేతికే వస్తుంది. రెండు మూడు సెకన్లలో ఎదుటివాళ్లు మీద పడేలోగా ఎవరికి విసరాలో, తనే పరుగెత్తాలో తేల్చుకోవాలి. మన క్రికెట్లో కెప్టెనే ప్రతి బంతీ ఆడాల్సి వస్తే ఎలా ఉంటుందో అంత బరువు. మా వాడు కంచె పట్టుకుని ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. నేను పిలవలేదు.

మధ్యాహ్నం ఊళ్లో ఒక చిన్న మెక్సికన్ హోటల్లో తిన్నాం. అమ్మకి బీన్స్, అన్నం, రొట్టె నచ్చాయి, వాళ్ల పచ్చిమిరప పచ్చడి మరీ నచ్చింది. పులిహోర కూడా విప్పింది. వడ్డించే ఆవిడ మా వాడి 17 నంబర్ టోపీ చూసి నవ్వి, వాడి ప్లేటులో ఇంకో టాకో అడగకుండానే పెట్టింది. అది ఆ ఊరి మర్యాద అనిపించింది.

ఫ్రెస్నో అక్కడికి 65 కిలోమీటర్లు. ఆలెన్ చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఫ్రెస్నో స్టేట్ యూనివర్సిటీ మ్యాచ్‌లకి వెళ్లేవాళ్లు. అతను ఆడాలనుకున్నదీ అక్కడే. స్కాలర్‌షిప్ అక్కడి నుంచీ రాలేదు, ఇంకెక్కడి నుంచీ రాలేదు. ఆ స్టేడియం పక్క నుంచి వెళ్లాం, ఆగలేదు.

ఆగింది రీడ్లీలో. ద్రాక్ష, పీచ్ తోటల మధ్య, కింగ్స్ నది పక్కన ఉన్న ఊరు. 2014లో ఆలెన్ చేరింది ఇక్కడి రెండేళ్ల కాలేజీలో. మన దగ్గర ఇంజినీరింగ్ సీటు రాక ఊరి దగ్గర కాలేజీలో చేరినట్టే. ఒక్క సీజన్ ఆడాడు. అది అయ్యాక కూర్చుని, దేశంలో పై స్థాయి కాలేజీ జట్లన్నిటికీ ఈమెయిళ్లు రాశాడు. ఒక్కో జట్టులో ప్రధాన కోచ్‌కి, సహాయ కోచ్‌లకి, విడివిడిగా. మొత్తం వెయ్యి దాకా. స్కాలర్‌షిప్ ఇస్తామని ముందుకొచ్చినవి రెండే, వ్యోమింగ్, ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలు. అతను వ్యోమింగ్ చూసొచ్చేసరికి రెండోది మాట వెనక్కి తీసుకుంది. మిగిలింది ఒక్కటి.

“వెయ్యి ఉత్తరాలా?” అమ్మ ఆగిపోయింది. “రాసి రాసి ఆ పిల్లాడికి విసుగు రాలేదా?”

“వచ్చే ఉంటుంది నానమ్మా,” అన్నాడు వాడు.

వ్యోమింగ్‌లో 2015లో తొలిసారి మొదటి నుంచి ఆడిన మ్యాచ్‌లోనే కాలర్ బోన్ విరిగింది, సీజన్ పోయింది. ఆ మ్యాచ్ ఎవరి మీదంటే, అదే ఈస్టర్న్ మిషిగన్ మీద. మళ్లీ లేచి 2016లో ఆడాడు. కాలేజీ ఆటగాళ్లని లీగ్ జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2018లో, బఫెలో అతన్ని ఏడో స్థానంలో తీసుకుంది. నయాగరా చూడటానికి వెళ్లిన మనవాళ్లకి బఫెలో తెలిసే ఉంటుంది, మంచు ఎక్కువ పడే పాత పరిశ్రమల ఊరు. 1990ల మొదట్లో వరసగా నాలుగు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనళ్లు, ఓడిన జట్టు. మొదట్లో ఆలెన్ విసిరిన బంతుల్లో చేరాల్సిన చోటికి చేరినవి 52.8 శాతమే. అతని వల్ల కాదని చాలామంది తేల్చేశారు. 2020కి అది 69.2 అయింది. ప్రతి వేసవీ కాళ్లు పెట్టే తీరు, భుజం తిప్పే తీరు దగ్గర నుంచి దిద్దుకున్నాడు. 2024 సీజన్‌కి లీగ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. వెనక సీట్లో నానమ్మా మనవడూ. వాడు ఇంకో కథ చెప్పాడు. 2020 నవంబరులో ఒక శనివారం ఆలెన్ నానమ్మ ప్యాట్రీషియా చనిపోయింది. మర్నాడే సియాటిల్ మీద మ్యాచ్. ఆడాడు, మ్యాచ్ మొత్తంలో తన విసుర్లతో జట్టుని 415 గజాలు ముందుకి నడిపాడు, గెలిచారు. సంగతి తెలిశాక బఫెలో అభిమానులు అతని జెర్సీ నంబర్ లెక్కన పదిహేడేసి డాలర్లు బఫెలోలోని పిల్లల ఆసుపత్రికి పంపడం మొదలుపెట్టారు. అది పది లక్షల డాలర్లు దాటింది. ఆ ఆసుపత్రిలో ఒక విభాగానికి ఆవిడ పేరు పెట్టారు.

“పదిహేడు డాలర్లంటే ఎంతరా?”

“పదిహేను వందలు అమ్మా.”

“వాళ్లెవరూ ఆవిణ్ని చూసినవాళ్లు కాదుగా?”

“కాదు నానమ్మా.”

అమ్మ వాడి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. గిల్రాయ్ వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. కార్తీక మాసం. అమ్మ కాళ్లు కడుక్కుని, చేతిరుమాలు విప్పి, దూదిలోంచి గింజలు ఏరి పక్కన పెట్టింది. అరచేతుల మధ్య దూది నలిపి ఒత్తులు చేసింది. మా వాడు పక్కన కూర్చుని తనూ ఒకటి చేశాడు, వంకరగా వచ్చింది. అమ్మ దాన్ని విప్పలేదు, అలాగే నేతిలో ముంచి తన ఒత్తి పక్కన వెలిగించింది.

“పొడుగు పింజ కదా,” అంది, “చాలాసేపు వెలుగుతుంది.”