నల్ల పొగ వెనక ఒక రాగి వాషర్

పోయినేడు దమ్ము టైమ్‌లో మా బాబాయి ట్రాక్టర్ నల్లగా పొగ కక్కడం మొదలెట్టింది. రోడ్డు మీద ఖాళీగా వెళ్తే బానే ఉండేది, కేజ్‌వీల్స్ వేసి బురదలో దించి కాస్త లోడ్ పడిందంటే చాలు ముందున్న సైలెన్సర్ నుంచి వచ్చే పొగకి ఎదురుగా గట్టు కూడా కనపడేది కాదు, సాయంత్రానికి బాబాయి మొహం మీద మసే. అంతకు నెల ముందే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ సర్వీస్ చేయించాడు కాబట్టి అటు ఎవరికీ అనుమానం రాలేదు. పిస్టన్లు, రింగులు పోయుంటాయి, బోర్ పని చేయించాల్సిందే అన్నారు, సరే అని సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ విప్పించాం.

మూడు సిలిండర్ల ఇంజన్ అది. పిస్టన్ తల మీద గిన్నెలాంటి గుంట ఉంటుంది కదా, రెండిట్లో డీజిల్ స్ప్రే తగిలిన గుర్తులు గుంట లోపలి గోడ మీద పూరేకుల్లా వరసగా ఉన్నాయి. మూడోదాంట్లో మాత్రం అవి అంచు ఎక్కి పైనున్న చదును మీదకి పాకాయి, చుట్టూ గోరుతో గీకితే పెళ్ళలుగా ఊడేంత మసి. హెడ్ తిరగేస్తే ఆ నాజిల్ కూర్చునే చోట పాత రాగి వాషర్ అతుక్కుపోయి ఉంది, సర్వీస్‌లో దాన్ని పీకకుండా కొత్తది దాని మీదే వేసేశారు. నాజిల్ ఒక్క వాషర్ మందం పైకి లేచింది, అంతే.

అంత చిన్నదానికి అంత పొగా అని నాకు చాలా రోజులు బుర్రలో తిరిగింది. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక పట్టేది. దీపం మంట పసుపుగా కనపడేదే లోపల మసి రేణువులు కాగి వెలుగుతుండటం వల్ల, అవి మంట అంచుకి వచ్చేసరికి గాలి తగిలి కాలిపోతాయి. మధ్యలో చల్లటి పళ్ళెం అడ్డం పెడితే కాలకుండా దానికి అంటుకుంటాయి, అదే కాటుక. డీజిల్ ఇంజన్లో కూడా స్ప్రే మధ్యలో గాలి సరిపోని చోట మసి ఎప్పుడూ పుడుతూనే ఉంటుంది, పుట్టినదాంట్లో ఎక్కువ భాగం అక్కడే మళ్ళీ కాలిపోతుంది, కాలకుండా మిగిలిందే మనకి పొగ. దానికి దొరికే టైమ్ చూడండి, ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు (ఆర్‌పీఎమ్) తిరిగేటప్పుడు పిస్టన్లని నడిపే ఇరుసు, అదే క్రాంక్, 36 డిగ్రీలు తిరగటానికి 3 మిల్లీసెకన్లే.

ఆ కాసేపట్లో గాలిని, మంటని కలిపే పని ఆ గుంటదే. పిస్టన్ పైకొస్తుంటే అంచుల్లో గాలి నలిగి గుంటలోకి దూకుతుంది, మధ్యలో ఉండే బొడిపె, లోపలికి వంగిన అంచు కలిసి దాన్ని సుళ్ళు తిప్పుతాయి. స్ప్రే అంచు దాటి పైకి పోయిందంటే హెడ్డుకి, పిస్టన్‌కి మధ్య ఇరుకు సందులో చల్లటి లోహానికి తగిలి, అమ్మమ్మ పళ్ళెం కథే. వోల్వో వాళ్ళయితే గుంట గోడకి అలల్లాగా ఉబ్బులు పెట్టి వేవ్ పిస్టన్ అని తెచ్చారు, పక్కపక్క మంటలు గోడ దగ్గర గుద్దుకుని ఆగిపోకుండా మధ్యలో వాడకుండా మిగిలిన గాలి వైపు తిరుగుతాయి. నాకు భలే నచ్చిన ఆలోచన అది.

ఇక డీజిల్ సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా వచ్చిన బీఎస్-6 (బండ్ల పొగకి పెట్టిన ప్రమాణం) డీజిల్‌లో సల్ఫర్ 50 పీపీఎమ్, అంటే పది లక్షల భాగాల్లో 50, నుంచి 10కి దిగింది, అందుకే పొగ పోతుందని చాలామంది అనుకుంటారు. కానీ మసి అంటే కార్బన్, దానికి అసలు విత్తనాలు డీజిల్‌లో ఉండే ఆరోమాటిక్స్, ఉంగరాల్లాంటి అణువులు. సల్ఫర్ తగ్గించింది ముఖ్యంగా పొగని శుభ్రం చేయటానికి సైలెన్సర్ దారిలో పెట్టే క్యాటలిస్ట్, ఫిల్టర్ పాడవకుండా ఉండటానికి. బయోడీజిల్‌లో ఆరోమాటిక్స్ ఉండవు, పైగా బరువులో సుమారు 11 శాతం ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది కాబట్టి మసి తక్కువ. డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సీటేన్ నంబర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనేది కూడా పూర్తి నిజం కాదు, మరీ త్వరగా అంటుకుంటే గాలితో కలిసే టైమ్ తగ్గిపోయి కొన్నిసార్లు మసి పెరుగుతుంది. అయినా ఎంత మంచి డీజిల్ పోసినా ఆ మూడో సిలిండర్‌కి ఒరిగేదేమీ లేదు, స్ప్రే పడాల్సిన చోట పడట్లేదుగా.

పిస్టన్లు మార్చలేదు. పాత వాషర్ పీకేసి, మసి తుడిచి, కొత్త గాస్కెట్‌తో హెడ్ బిగించారు. మర్నాడు బురదలో దించగానే ఒక్కసారి బుస్సుమని పొగొచ్చి ఆగిపోయింది, బాబాయి సైలెన్సర్ వైపే చూస్తూ ఇంకో చుట్టు కొట్టాడు.