వరెన్నాలో భోజనం: ముందు సరస్సు, వెనక కొండ

ఇటలీలోని కోమో సరస్సు తూర్పు ఒడ్డున వరెన్నా చిన్న ఊరు. మిలాన్ సెంట్రల్లో రైలెక్కితే సుమారు గంట ప్రయాణం. పగటిపూట వచ్చేవాళ్లలో చాలామంది పడవల రేవు దగ్గర కనిపించిన మొదటి చోట పిజ్జా తినేసి వెళ్లిపోతారు. అది ఇక్కడి వంట కాదు. ఇక్కడి వంటకు ముందున్న సరస్సు చేపనిస్తే, వెనకున్న కొండలు వెన్న, చీజ్, మొక్కజొన్న పిండి, బక్‌వీట్ (గోధుమ కాని ఒక గింజ) ఇస్తాయి. మెనూ చదివేటప్పుడు ఈ రెండూ గుర్తుంటే చాలు.

ముందు రిసొట్టో కోన్ పెర్సికో. రిసొట్టో అంటే జారుగా వండే అన్నం, పెర్సికో అంటే పెర్చ్ చేప. ముల్లు తీసిన చిన్న ముక్కలకు పిండి అద్ది, సేజ్ ఆకు వేసిన వెన్నలో వేయిస్తారు. చేపను అన్నంలో కలపరు, పైన పరిచి ఆ వెన్ననే మీద పోస్తారు. రిసొట్టో బియ్యం ఉడకడానికి 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. అందుకే మెనూలో చాలాచోట్ల ‘మినిమో దూఏ పెర్సోనే’ అని ఉంటుంది, అంటే కనీసం ఇద్దరికి. ఒక్కరే వెళ్తే కూర్చునే ముందే అడగండి. ఐదు నిమిషాల్లో ప్లేటు వచ్చిందంటే అది ఎప్పుడో వండిపెట్టింది. బాగా కుదిరిన రిసొట్టో ప్లేటు వంచితే మెల్లగా జారుతుంది, ముద్దలా నిలబడదు. గింజ మధ్యలో సన్నటి పలుకు ఉంటుంది. ఉడకలేదనుకుని వెనక్కి పంపకండి, అలా ఉండాలనే వండుతారు.

ఇక్కడ అమ్ముడయ్యే పెర్చ్ అంతా ఈ సరస్సుదే కాదు. ‘ఎ దెల్ లాగో?’ అని అడిగితే ఈ సరస్సుదో కాదో చెప్తారు. మెనూలో పేరు పక్కన నక్షత్రం గుర్తుంటే పేజీ అడుగున చూడండి. మామూలుగా అది ఫ్రోజెన్ సరుకని చెప్పే గుర్తు. ఆ రోజు సరస్సు పెర్చ్ లేకపోతే లవరెల్లో ఉందేమో అడగండి. తెల్లటి మెత్తని చేప, గ్రిల్ చేసి ఇస్తారు.

కొత్తవాళ్లు బోల్తా పడేది మిస్సోల్తీని దగ్గర. అగోనే అనే చేపను శుభ్రం చేసి, ఉప్పులో ఊరేసి, తీగకు గుచ్చి గాలికి ఎండబెడతారు. తర్వాత డబ్బాలో ఒక వరస చేప, ఒక వరస లారెల్ ఆకు (బే లీఫ్) పేర్చి, పైన బరువు పెట్టి నొక్కుతారు. ఊరిన నూనె పైకి తేలుతుంది. వడ్డించే ముందు నిప్పుల మీద వేడిచేసి, వెనిగర్ చల్లి, కాల్చిన పొలెంటా (మొక్కజొన్న పిండి సంగటి) ముక్కలతో ఇస్తారు. ఎండుచేప ఉప్పు, ఘాటు రెండూ గట్టిగా తగులుతాయి. మెయిన్ డిష్‌గా చెప్పుకుంటే సగంలోనే చేతులెత్తేస్తారు. ఇద్దరికి ఒక ప్లేటు స్టార్టర్‌గా సరిపోతుంది. ఒక్కో కొరుకుకు ఒక పొలెంటా ముక్క తినండి, ఉప్పు సర్దుకుంటుంది.

మాంసం, చేప తిననివాళ్లకు కొండ వంటలే దిక్కు, అవి గొప్పగా ఉంటాయి కూడా. పొలెంటా ఉంచా అంటే సంగటిలా గట్టిగా కెలికిన మొక్కజొన్న పిండిలో చీజ్ వేసి, వెల్లుల్లి, సేజ్‌తో కాచిన వెన్న పోసింది. పిట్సొక్కెరి అనే బక్‌వీట్ పాస్తా పక్కనున్న వాల్తెల్లీనా లోయది. తేలియో ఊరి పద్ధతిలో 400 గ్రాముల బక్‌వీట్ పిండికి 100 గ్రాముల గోధుమ పిండి, 200 గ్రాముల వెన్న, 250 గ్రాముల కసేరా చీజ్ పడతాయి. ఆలుగడ్డ, క్యాబేజీ పాస్తా ఉడికే నీళ్లలోనే ఉడుకుతాయి. వేడి మీదే తినాలి, చల్లారితే చీజ్ బిగిసి ముద్దవుతుంది. బక్‌వీట్ కదా అని గ్లూటెన్ పడనివాళ్లు తీసుకోవద్దు, గోధుమ ఉంది. చీజ్‌లో జంతువుల రెనెట్ (పాలు గడ్డకట్టడానికి వేసే, దూడ కడుపు నుంచి తీసే పదార్థం) వద్దనుకునేవాళ్లు కసేరా, తురిమి వేసే గట్టి చీజ్ గ్రానా రెండూ మానుకోవాలి. కూరగాయల రిసొట్టో అని రాసున్నా మాంసం ఉడికించిన నీళ్లతో వండి ఉండొచ్చు. ‘బ్రోదో వెజెతాలే?’ అని అడిగి తెలుసుకోండి.

ఇక వేళలు. మధ్యాహ్నం దాదాపు 12 నుంచి 2 లేదా 2:30 వరకు, రాత్రి 7 నుంచి 10 లోపు. మూడింటికి వెళ్తే వంటిల్లు మూసి ఉంటుంది, బార్‌లో పనీనో (శాండ్‌విచ్) ఒక్కటే గతి. వారంలో ఒక రోజు సెలవుంటుంది, అది ఒక్కో చోట ఒక్కో రోజు. నవంబర్ నుంచి మార్చి వరకు చాలా చోట్ల తలుపులే తెరవరు. ఆదివారం మధ్యాహ్నానికి ముందే టేబుల్ బుక్ చేసుకోండి.

బిల్లులో కోపెర్తో అని మనిషికి కొన్ని యూరోలు కనిపిస్తే మోసం కాదు, టేబుల్, బ్రెడ్ రుసుము అది. మెనూలో రాసే ఉంటుంది. టిప్ తప్పనిసరి కాదు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక, సరస్సు ఎదురుగా టేబుల్ దగ్గర కూర్చుంటే ధర బాగా పెరుగుతుంది.

వరెన్నాలో బస చేసి రాత్రి భోజనానికి సరస్సు దాటి బెల్లాజో ఊరికి వెళ్లాలనుకుంటే పడవలో పావుగంటే. తిరిగి వచ్చే ఆఖరి పడవ ఎప్పుడో కూర్చోకముందే చూసుకోండి, చలికాలంలో త్వరగా ఆగిపోతుంది. మీరు ‘ఇల్ కోంతో’ అని అడిగేదాకా బిల్లు తేరు, తొందరపెట్టడం ఇక్కడ మర్యాద కాదు. పడవకు అరగంట ముందే అడిగేయండి.