విండోస్ మళ్ల ఎక్కించే ముందు ఒక వైరు కీబోర్డు దగ్గర పెట్టుకోండి

మా అక్కకు కాజీపేటల చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, పిల్లల అప్లికేషన్లు అన్నీ ఒక్క కంప్యూటర్ మీదనే నడుస్తయి. 2025ల దసరా అయిపోయిన పన్నెండు రోజులకు, అంటే అక్టోబర్ 14న, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది కదా, అప్పటినుంచి అక్కది ఒకటే మాట, "తమ్మీ, జర వచ్చి కొత్తది ఎక్కియ్యిరా, జనాల ఆధార్లు, పాన్ కార్డులు అన్నీ ఇండ్లనే స్కాన్ చేస్తున్న, నాకు భయమైతుంది" అని. ఆమె భయపడుడుల తప్పేం లేదు. ఒక ఆదివారం పొద్దుగాల విండోస్ 11 పెన్‌డ్రైవ్ తయారు చేసుకొని హన్మకొండ నుంచి బండేసుకొని పోయిన.

పోయి చూస్తే టేబుల్ మీద బ్లూటూత్ కీబోర్డు, బ్లూటూత్ మౌస్ ఉన్నయి. వైర్ల గోల వద్దని అల్లుడు కొనిచ్చిండట, పాతయి పాతసామాన్లోనికి ఏసేసిండ్రు. అవి మంచిగనే నడుస్తున్నయి కాబట్టి నేను దాని గురించి ఇంకేం ఆలోచించలే. డేటా అంతా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ల కాపీ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ కొట్టిన. ఆన్ అయినప్పుడు దేన్ని ముందు చూడాలె అనే బూట్ ఆర్డర్‌ల పెన్‌డ్రైవే ముందు ఉండె, అందుకని సెటప్ స్క్రీన్ దానంతట అదే వచ్చింది, భాష ఎంచుకొమ్మంటుంది, నెక్స్ట్ బటన్ కండ్ల ముందే కనపడుతుంది, కానీ మౌస్ బాణం కదులుతలేదు. ఎంటర్ కొట్టిన, లేదు. బ్యాటరీలు తీసి మళ్ల ఏసిన, లేదు. పెన్‌డ్రైవ్ తీసి మళ్ల ఆన్ చేస్తే పాత విండోస్ వస్తుంది, అండ్ల మాత్రం రెండూ టకటక పనిచేస్తయి.

అప్పుడు సమజైంది. బ్లూటూత్ కీబోర్డు నడవాలంటే ముందు కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్ లాంటిది, లేవాలె, బ్లూటూత్‌ను నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ లోడ్ కావాలె, అంతకుముందు పెయిర్ చేసినప్పుడు, అంటే రెండిట్ని జత కలిపినప్పుడు, దాచుకున్న తాళంచెవి లాంటి కోడ్ దొరకాలె. ఆ కోడ్ ఉండేది విండోస్ లోపట. పెన్‌డ్రైవ్ మీద ఉన్న సెటప్‌కు ఆ పాత పెయిరింగ్ ముచ్చటే తెల్వది. బయోస్‌కు, అంటే కంప్యూటర్ ఆన్ కాంగనే విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రామ్‌కు, కూడా అంతే, మన దగ్గర ఉండే మామూలు డెస్క్‌టాప్ బోర్డులల్ల అది యూఎస్‌బీ కీబోర్డునే గుర్తుపడుతది, బ్లూటూత్ దానికి కనపడదు.

యూఎస్‌బీ పోర్టుకు పెట్టే చిన్న ముక్క, అదే డాంగిల్‌తోని వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ సెట్ల కథ వేరే. అండ్ల కీబోర్డు, డాంగిల్ వాటిల్ల అవే మాట్లాడుకుంటయి, కంప్యూటర్‌కు మాత్రం డాంగిల్ "నేను మామూలు యూఎస్‌బీ కీబోర్డును" అని చెప్తది. అందుకే అది బయోస్‌ల, సెటప్‌ల కూడా చానామటుకు నడుస్తది. వైర్‌లెస్ అని రెండిట్ని ఒకటే గాట కట్టొద్దు, కొనేటప్పుడే అడగండి, డాంగిల్‌దా బ్లూటూత్‌దా అని.

పక్కింట్ల ఇంజనీరింగ్ చదివే పిలగాడు ఒక వైరు కీబోర్డు తెచ్చిచ్చిండు. మౌస్ దొరకలే. పర్వాలేదు, సెటప్ మొత్తం కీబోర్డుతోనే అయితది: ట్యాబ్ కొడితే ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు పోతది, బాణాలతోని లిస్టుల పైకి కిందికి, స్పేస్‌తోని టిక్కు, ఎంటర్‌తోని ఓకే. జర నిదానంగ పోవాల్సింది డిస్క్ ఎంచుకునే కాడ. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అయితే నేను ముందే పీకేసిన, అది ఉంటే లిస్టుల అదీ కనపడుతది, మౌస్ లేకుంట ఏది సెలెక్ట్ అయిందో తొందరల తెల్వదు. సైజు ఎంత ఉందో రెండుసార్లు చదివినంకనే డిలీట్ కొట్టిన. అక్క ఎనకాల నిలబడి "నా పత్రికల డిజైన్లు పోవు కదరా" అని అడుగుతనే ఉంది.

డాంగిల్ సెట్ ఉన్నోళ్లు కూడా కొన్ని చూసుకోవాలె. బయోస్‌ల ఫాస్ట్ బూట్, అంటే తొందరగ ఆన్ అయ్యే సెట్టింగ్, ఆన్ ఉంటే కొన్ని బోర్డులు ఆన్ అయ్యేటప్పుడు యూఎస్‌బీని పట్టించుకోవు, మీరు బయోస్‌లకో బూట్ మెనూలకో పోదామని డిలీట్, ఎఫ్2, ఎఫ్12 ఎంత కొట్టినా విండోస్‌లకే పోతది. అప్పుడు విండోస్ లోపట షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ కొట్టి, అక్కడి నుంచి ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లకు, అంటే బయోస్‌లకే, పోయి దాన్ని ఆఫ్ చేయొచ్చు. చానా వైర్‌లెస్ కీబోర్డులల్ల పైన వరుస మీటలు సౌండు పెంచుడు, తగ్గించుడుకు పెట్టి ఉంటయి, ఎఫ్ఎన్ మీట కలిపి నొక్కితేనే నిజమైన ఎఫ్12 పోతది, ఇది తెల్వక అరగంట కూసున్నోళ్లను చూసిన. కాసేపు ముట్టుకోకుంటే కీబోర్డు నిద్రపోతది, మొదటి దెబ్బ లేపుడుకే సరిపోతది, కాబట్టి పవర్ బటన్ నొక్కే ముందే ఏదన్నా మీట ఒకసారి కొట్టండి. డాంగిల్‌ను హబ్‌కు కాకుంట సీదా బోర్డు వెనకాల పోర్టుకు పెట్టండి, అండ్ల కూడా నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టుల పెన్‌డ్రైవ్ పక్కపొంటి వద్దు. యూఎస్‌బీ 3.0 నడిచేటప్పుడు వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్‌కు అడ్డం వస్తదని ఇంటెల్ వాళ్లే 2012ల పేపర్ రాసిండ్రు. మౌస్ ఆగి ఆగి పోవుడుకు అదీ ఒక కారణం.

పాత సాఫ్ట్‌వేర్ కోసం ఇంకా విండోస్ 7 ఎక్కించుమనేటోళ్లు ఉన్నరు. 2015 నుంచి వచ్చిన ఇంటెల్ ఆరో తరం బోర్డుల మీద దాని సెటప్‌ల వైరు యూఎస్‌బీ కీబోర్డు కూడా నడువది, ఎందుకంటే ఆ సెటప్‌ల యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు. వెనకాల పాత రకం కీబోర్డులు పెట్టే గుండ్రటి పీఎస్/2 పోర్టు ఉంటే అదే దిక్కు.

ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు కీబోర్డు దాన్లనే ఉంది కదా అనుకుంటరు, నిజమే, కానీ మీటలు చెడిపోయి బ్లూటూత్ కీబోర్డుతోని నెట్టుకొస్తున్నోళ్లు జాగ్రత్త. బయోస్‌ల ఏదన్నా మారిస్తే డిస్క్‌కు తాళం ఏసే విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, ఆ స్క్రీన్ మీద బ్లూటూత్ రాదు.

అక్క కంప్యూటర్ల విండోస్ ఎక్కినంక ఇంకో పని పడ్డది. వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు మీద ఉన్నయి, ఆ కార్డుకు డ్రైవర్ లేదు, అంటే నెట్టు కూడా లేదు. నా ఫోన్‌ను కేబుల్‌తోని కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసిన, అంటే ఫోన్ నెట్టును కంప్యూటర్‌కు ఇచ్చిన, అప్‌డేట్‌ల డ్రైవర్ వచ్చింది, అప్పుడు కీబోర్డును, మౌస్‌ను కొత్తగ మళ్ల పెయిర్ చేసిన. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది, అక్క అన్నం పెట్టింది.

తెల్లారి హన్మకొండ చౌరస్తా కాడ వైరు కీబోర్డు, మౌస్ కొని పంపిన. అక్క వాటిని ప్రింటర్ వెనకాల మొలకు తలిగేసి, "పారేయొద్దు" అని కాయిదం అతికించింది.