నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా, తాబేలు లేకుండా

నేను చెన్నై పోయింది మా పిన్ని మనవడి బారసాలకి. ఆదివారం పొద్దున ఫంక్షన్. శనివారం నెల్లూరులో పినాకిని ఎక్కి, సెంట్రల్‌లో దిగి, పార్క్ టౌన్‌కి నడిచి ఎమ్మార్టీఎస్ లోకల్ రైలు పట్టుకుని తిరువాన్మియూరు చేరేసరికి రెండున్నర అయింది. అన్నం తిని నడుం వాలుద్దామనుకుంటుంటే పిన్ని కొడుకు వచ్చి, "అక్కా, రాత్రికి తాబేళ్ళ నడక ఉంది, గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళని వెతుక్కుంటూ సముద్రం ఒడ్డున నడవడం, నీ పేరు కూడా రాయించా" అన్నాడు. తెల్లారితే బారసాల పెట్టుకుని ఎవరైనా చేసే పనేనా? పిన్ని కూడా అదే అంది. వాడు వినే రకం కాదు.

తిరువాన్మియూరు నుంచి నీలాంకరైకి ఆటో అతను 350 అడిగాడు. ఉన్నదే నాలుగైదు కిలోమీటర్లు. రాత్రి పది దాటింది కాబట్టి అంతేనట. ఆ డబ్బుతో మా ఇంటిల్లిపాదీ బస్సులో మైపాడు బీచికి పోయి, మిరపకాయ బజ్జీలు తిని మరీ తిరిగొస్తాం. మా వాడు 300కి ఒప్పించి, ఏదో గెలిచినట్టు నావైపు చూశాడు.

పదకొండింటికి అందర్నీ ఇసుకలో కూర్చోబెట్టి ముందు క్లాసు పీకారు. ఫోన్ టార్చ్ వెయ్యొద్దు. ఫ్లాష్ కొట్టొద్దు. ముందు నడిచే వలంటీర్లను దాటొద్దు. గట్టిగా మాట్లాడొద్దు. అర్ధరాత్రి ఈ వయసులో నాకు స్కూలు పిల్లలకి చెప్పినట్టు చెప్తుంటే చిరాకేసింది. కారణం చెప్పాక మాత్రం నోరు మూసుకున్నాను. గుడ్డులోంచి బయటపడ్డ పిల్లకి దారి చూపేది వెలుగే. మామూలుగా అయితే చీకట్లో నేల కన్నా సముద్రం వైపే తెల్లగా కనిపిస్తుంది, పిల్లలు అటే పాకుతాయి. ఇక్కడేమో ఒడ్డు వెంట పోయే ఈసీఆర్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు, వీధి దీపాలు. పిల్లలు సముద్రానికి వీపు పెట్టి రోడ్డు వైపు నడుస్తాయి. అందుకని గుడ్లను పెట్టిన చోట వదలకుండా, తీసుకుపోయి బీసెంట్ నగర్ ఒడ్డున కంచె కట్టిన హేచరీలో మళ్ళీ పాతిపెడతారు.

ఈ పని నిన్నా మొన్నటిది కాదు. 1970లలోనే పాముల పార్కు పెట్టిన రోములస్ విటేకర్, ఆయనతోపాటు సతీష్ భాస్కర్ లాంటివాళ్ళు ఈ ఒడ్డున తాబేళ్ళ కోసం నడిచారు. 1988 నుంచి కాలేజీ పిల్లలే స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని పేరు పెట్టుకుని నడిపిస్తున్నారు. జీతాలు లేవు. సీజను మొత్తం రోజూ రాత్రి నడక. మాలాంటి తమాషా చూడొచ్చేవాళ్ళని శుక్ర, శనివారాలు రానిస్తారు. మిగతా రాత్రులు ఒడ్డు వాళ్ళదే.

ఏడు కిలోమీటర్లు అని విన్నప్పుడు రోడ్డు మీద ఏడు అనుకున్నాను. ఇసుకలో ఏడు వేరు. పది నిమిషాలకే చెప్పులు చేతిలోకి వచ్చాయి. కాళ్ళ కింద థర్మోకోల్ ముక్కలు, తెగిన వలలు, సీసాలు. మాకు ముందు నడుస్తున్న వలంటీరు పిల్ల వట్టి కాళ్ళతోనే చకచకా పోతోంది. తాతగారిది చిత్తూరు వైపట, ఈ పిల్ల పుట్టి పెరిగింది మైలాపూర్‌లో. తెలుగు మాట్లాడేదే గానీ రాయను రాదంది. మొదట నన్ను ఆంటీ అంది. తమ్ముడు అక్కా అని పిలవడం విని తనూ అక్కా అనేసింది. నాకు సగం అలసట తీరింది.

"రోజూ దొరుకుతుందా?" అని అడిగాను.

"లేదక్కా. శానా రోజులు ఉత్త చేతులే. చచ్చిపోయినవే ఎక్కువ కనపడతాయి."

ఆ మాట నిజమని పాలవాక్కం దగ్గర తెలిసింది. ముందు వాసన వచ్చింది. తర్వాత కనిపించింది, రెండడుగుల పైన ఉంటుంది, బోర్లా పడి ఉంది. మెడ ఉబ్బిపోయింది, కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. ఆ పిల్ల టేపు తీసి పైచిప్ప కొలిచి నోట్‌బుక్కులో రాసుకుంది. తాబేలుకి ఉన్నవి ఊపిరితిత్తులు, గాలికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక నీళ్ళలోనే మునిగి చస్తుంది. నీళ్ళలో ఉండే జంతువు నీళ్ళలో మునిగి చావడమేమిటో, నాకు అప్పటిదాకా తట్టలేదు. వల నుంచి తాబేలు తప్పించుకునే చట్రాలున్నాయి, ఒడ్డు దగ్గరికి ట్రాలర్లు రాకూడదన్న నియమమూ ఉంది. అయినా 2025 జనవరిలో ఈ చెన్నై తీరానికి ఇలాంటి కళేబరాలు వందల కొద్దీ కొట్టుకొచ్చాయి.

నాకు మైపాడు గుర్తొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. పొద్దున్నే సముద్రానికి పోతే కుక్కలు ఇసుకలో గుంట తవ్వి తెల్లటి గుడ్లు లాగుతున్నాయి. మేం రాళ్ళేసి కుక్కల్ని తరిమాం. దయ అనుకునేరు, మాకు ఆడుకోవడానికి కావాలి. నేలకేసి కొడితే పగలకుండా సొట్ట పడ్డాయి. తాత చూసి, "కూర్మావతారమే, ముట్టుకోబాకండి!" అని కేకేశాడు. దేవుడని వదిలేసి ఇంటికి వచ్చేశాం. కుక్కలు మళ్ళీ గుంటలోకి దిగాయి. వాటికి అవతారాల సంగతి ఎవరు చెప్పాలి?

రెండింటికి, కొట్టివాక్కం దగ్గర, ముందున్న అబ్బాయి చెయ్యెత్తాడు. అందరం ఆగిపోయాం. ఇసుకలో ట్రాక్టరు చక్రం పోయినట్టు జాడ. ఒకటి పైకి వచ్చింది, ఒకటి కిందికి పోయింది. అంటే వచ్చి, పని చూసుకుని వెళ్ళిపోయింది. మేం అరగంట ముందు నడిచి ఉంటే కనపడేదేమో. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ పిల్ల మాత్రం సన్నటి కర్ర తీసుకుని జాడ మలుపు తిరిగిన చోట మెల్లగా గుచ్చుకుంటూ పోయింది. గట్టి ఇసుక, గట్టి ఇసుక, ఒక్కచోట కర్ర మెత్తగా దిగింది. చేత్తో తవ్వి, బోర్లా పడుకుని, చెంప ఇసుకకి ఆనించి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టింది. మూతి ఇరుకు, అడుగు వెడల్పు, అచ్చం కుండే. వెనక కాళ్ళతో, తిరిగి చూడకుండా తవ్విన కుండ అది. ఒక్కో గుడ్డూ పైకి తెచ్చి, కుదుపు తగలకుండా సంచిలో పెడుతూ తమిళంలో లెక్కపెడుతోంది. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు, అందుకని నేను మనసులో తెలుగులో లెక్కపెట్టాను. ఒణ్ణు, ఒకటి. రెండు ఇద్దరికీ రెండే. మూణు, మూడు. ఆరు దగ్గర మళ్ళీ కలిశాం. నూరు ఇద్దరికీ నూరే కాబట్టి అక్కడా కలవాలి. ఆమె నూరు అన్నప్పుడు నేను నూట రెండులో ఉన్నాను.

చివరికి ఆమె లెక్క 112, నాది 114. చెప్పాను. నవ్వి, గుంట లోతు, మూతి వెడల్పు టేపుతో కొలిచింది. హేచరీలో అదే కొలతకి తవ్వాలట. నాలుగింటికి బీసెంట్ నగర్‌లో పాతేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టారు. 112. పైన వెదురు బుట్ట బోర్లించి, తేదీ, అంకె రాసిన చీటీ గుచ్చారు. అప్పటికే అక్కడ అలాంటి బుట్టలు వరసగా ఉన్నాయి.

"ఏం చూశామక్కా? రాత్రంతా నడిచి గుడ్లు చూశాం" అన్నాడు తమ్ముడు. తీసుకొచ్చింది వాడే!

బారసాలలో పిల్లాడికి ఏం పేరు పెట్టారో నేను కునుకుపాట్ల మధ్య సరిగ్గా వినలేదు. ఇంటికొచ్చాక ఫోన్ చేసి కనుక్కున్నాను.

49 రోజుల తర్వాత ఆ పిల్ల నుంచి వాట్సాప్‌లో వీడియో వచ్చింది. అరచేతిలో పట్టేంత నల్లటి పిల్లలు, ఎర్రటి టార్చ్ వెలుగులో తడి ఇసుక మీద ఒకదాని మీదొకటి పడుతూ లేస్తూ నీళ్ళ వైపు పోతున్నాయి. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "అక్కా, మన గుంటలో 112కి 96 వచ్చాయి." నేను వెంటనే, "మరి ఆ రెండు?" అని పెట్టాను.

"ఏ రెండక్కా?" అంది.